జనరల్ అంటే ఎవరిది?

చీరాలలో ఎన్నికలొచ్చినప్పుడల్లా ఒక మాట చెవిన పడుతూనే ఉంటుంది. "ఎమ్మెల్యే ఓటు మనది. ఎంపీ ఓటుదేముందిలే, అది రిజర్వుడు కదా." ఒకే బూత్, ఒకే రోజు, పక్కపక్కనే రెండు ఈవీఎంలు. మొదటిదాని దగ్గరికొచ్చేసరికి అభ్యర్థి కులమేంటి, ఊరేంటి, మనకేమవుతాడు, గెలిస్తే పనులవుతాయా అని నెల రోజులు తర్జనభర్జన పడ్డ మనిషే, రెండోదాని దగ్గర పార్టీ గుర్తు చూసుకుని ఒక నొక్కు నొక్కి బయటికొచ్చేస్తాడు. చీరాల అసెంబ్లీ జనరల్ సీటు. చీరాల, పర్చూరు, అద్దంకి, సంతనూతలపాడు, బాపట్ల, రేపల్లె, వేమూరు కలిసిన బాపట్ల లోక్‌సభ స్థానం మాత్రం 2009 నుంచి ఎస్సీ రిజర్వుడు. 2004లో ఇక్కడ గెలిచిన దగ్గుబాటి పురందేశ్వరి 2009లో విశాఖపట్నం నుంచి పోటీ చేశారు. అప్పట్నుంచీ "మన ఎంపీ సీటు పోయింది" అనేవాళ్ళు ఈ ఊళ్ళలో ఉన్నారు. ఈ ఊళ్ళ నుంచి హైదరాబాద్ పోయి, ఉద్యోగాలు చేసుకుంటూ, సాయంత్రాలు సాహిత్యం మాట్లాడుకునేవాళ్ళలోనూ ఉన్నారు.

పోయింది అంటే ఎవరి దగ్గర్నుంచి పోయింది? చీరాలలో మగ్గం నేసేవాళ్ళ దగ్గర్నుంచా? ఒక్కసారైనా ఆ సీటుకి టికెట్ అడిగే ధైర్యం వాళ్ళకెవరిచ్చారు? దళితవాడల్లో ఉండేవాళ్ళ దగ్గర్నుంచా? వాళ్ళకి పోలేదు, వచ్చింది. మరి "మన" అంటున్నదెవరు?

ఈ "మన" వెనక ఒక ఆస్తి తగాదా ఉంది. తాతల నాటి నుంచీ సాగు చేసుకుంటున్న పొలాన్ని సర్కారోళ్ళు లాక్కుని ఇంకొకళ్ళకి పట్టా రాసిచ్చారన్న దుగ్ధ ఉంది. దాన్ని నిలబెట్టే నమ్మకం ఒకటుంది: ఎస్సీలకి ఎస్సీ సీట్లున్నాయి, ఎస్టీలకి ఎస్టీ సీట్లున్నాయి, మిగిలిన జనరల్ సీట్లు మిగిలినవాళ్ళవి. ఇది ఎంత సహజంగా మన నోట్లో స్థిరపడిపోయిందంటే, కాలేజీ అడ్మిషన్ ఫారం దగ్గర్నుంచి టీవీ చర్చ దాకా "జనరల్" అంటే "ఓసీ" అనే అర్థం. చట్టంలో ఆ అర్థం లేదు. ఎప్పుడూ లేదు. ప్రజాప్రాతినిధ్య చట్టం 1951లో 55వ సెక్షన్ ఒకటుంది. ఎవరికీ సందేహం రాకూడదని ప్రత్యేకంగా పెట్టిన సెక్షన్. మిగతా అర్హతలుంటే ఎస్సీ, ఎస్టీ వ్యక్తి రిజర్వు కాని సీటులోనూ సభ్యుడు కావచ్చని అది చెబుతుంది. అంటే ఈ దేశంలో ఓసీల సీటు అనేది లేదు. రిజర్వుడు సీటు ఉంది, అందరి సీటు ఉంది.

ఈ సంగతి మనకి ఎప్పుడూ తెలియదా? తెలుసు. తెలిసిన రోజులున్నాయి. ఒకే నియోజకవర్గం నుంచి ఇద్దరు ఎంపీలు వెళ్ళిన రోజులవి.

*

ఇప్పటి కుర్రాళ్ళకి చెబితే నమ్మరు గానీ, దేశంలో మొదటి రెండు సార్వత్రిక ఎన్నికల్లో ద్విసభ్య నియోజకవర్గాలుండేవి. 1952 లోక్‌సభకి 489 సీట్లు, నియోజకవర్గాలు మాత్రం 401. వాటిలో 86 చోట్ల ఇద్దరేసి సభ్యులు, ఉత్తర బెంగాల్‌లో ఒక్కచోట ముగ్గురు. 1957లో 494 సీట్లకి 403 నియోజకవర్గాలు, అందులో 91 ద్విసభ్య నియోజకవర్గాలు. ఇద్దరిలో ఒకరి సీటు ఎస్సీలకో ఎస్టీలకో రిజర్వు. రెండోది అందరిదీ. ఓటరుది ఏ కులమైనా సరే రెండు ఓట్లు. రెండూ ఒకే అభ్యర్థికి వేయడానికి వీల్లేదు. చీరాల వంటి ఊళ్ళో ఇవాళ రెండు యంత్రాల ముందు రెండు మనస్తత్వాలతో నిలబడే ఓటరు, అప్పటి పద్ధతిలో ఒకే సభకి, ఒకే ప్రాంతం తరఫున, ఇద్దరిని ఎంచుకోవాల్సి వచ్చేది.

చీరాలకి యాభై కిలోమీటర్ల దూరంలో ఉన్న ఒంగోలు 1952లో ఇలాంటి నియోజకవర్గమే. అక్కడి నుంచి పిసుపాటి వెంకటరాఘవయ్య, మంగళగిరి నానాదాస్ ఇద్దరూ స్వతంత్రులుగా గెలిచి ఢిల్లీ వెళ్ళారు. ఏలూరు, రాజమండ్రి, విశాఖపట్నం, అటు హైదరాబాద్ రాష్ట్రంలో నల్లగొండ, కరీంనగర్ కూడా అప్పుడు ఇద్దరేసి ఎంపీల నియోజకవర్గాలే.

నల్లగొండ అనగానే మనందరికీ ఒక ముచ్చట గుర్తొస్తుంది. రావి నారాయణరెడ్డికి నెహ్రూ కంటే ఎక్కువ ఓట్లొచ్చాయని. నిజమే. ఆయనకి 3 లక్షల 9 వేల పైచిలుకు, నెహ్రూకి 2 లక్షల 33 వేల పైచిలుకు. తెలుగువాళ్ళం గర్వంగా చెప్పుకుంటాం, చెప్పుకోవాల్సిందే. కానీ ఆ ముచ్చట చెప్పేవాళ్ళెవరూ చెప్పని సగం ఒకటుంది. నల్లగొండ ద్విసభ్య నియోజకవర్గం. రావి నారాయణరెడ్డితో పాటు అదే ప్రజల ఓట్లతో గెలిచిన రెండో ఎంపీ సుంకం అచ్చాలు. ఇంకా విచిత్రం, నెహ్రూ గెలిచిన అలహాబాద్ తూర్పు, జౌన్‌పూర్ పశ్చిమ నియోజకవర్గం కూడా ద్విసభ్యమే. 1952లో అక్కడ, 1957లో ఫూల్‌పూర్‌లో, రెండుసార్లూ నెహ్రూతో పాటు అదే నియోజకవర్గానికి ప్రతినిధిగా ఉన్న దళిత ఎంపీ మసూరియా దీన్. ఫూల్‌పూర్ పేరు చెప్పగానే నెహ్రూ అనేవాళ్ళు వేలమంది. మసూరియా దీన్ అనేవాళ్ళు మీకెంతమంది తెలుసు?

ఇద్దరు గెలిచారు, ఒకరే గుర్తున్నారు. చట్టం ప్రకారం ఇద్దరూ సమానం. సభలో ఒక్కొక్కరికి ఒక్కొక్క ఓటు. కానీ ఎంపీ అంటే ఆయన, రిజర్వుడు ఎంపీ అంటే ఆయన పక్కనున్నాయన. ఈ లెక్క అప్పుడే మొదలైంది. దాని మీద మొదటి దెబ్బ కొట్టింది మన ఉత్తరాంధ్ర కొండల దగ్గరి ఓటర్లు.

*

1957. పార్వతీపురం లోక్‌సభ నియోజకవర్గం. ద్విసభ్యం, ఒక సీటు ఎస్టీ రిజర్వుడు. జనరల్ సీటుకి కాంగ్రెస్ అభ్యర్థి వరాహగిరి వెంకటగిరి. చిన్నాచితకా మనిషి కాదు. కార్మికోద్యమంలో పేరున్న నాయకుడు. 1952లో పాతపట్నం నుంచి గెలిచి నెహ్రూ మంత్రివర్గంలో కార్మిక మంత్రి అయ్యి, బ్యాంకు ఉద్యోగుల అవార్డు విషయంలో ప్రభుత్వంతో విభేదించి 1954లో రాజీనామా చేసి బయటికొచ్చిన మనిషి. ఆయనతో పాటు బరిలో వి. కృష్ణమూర్తి నాయుడు, రిజర్వుడు సీటుకి బిడ్డిక సత్యనారాయణ దొర, దిప్పల సూరి దొర.

ఓట్లు లెక్కపెడితే వచ్చిన వరస ఇది: సత్యనారాయణ దొర 1,26,792. సూరి దొర 1,24,604. గిరి 1,24,039. కృష్ణమూర్తి నాయుడు 1,18,968.

మొదటి రెండు స్థానాలూ గిరిజనులవే. చట్టం చెప్పే పద్ధతి ఏమంటే, ముందు రిజర్వుడు సీటుకి అర్హులైనవాళ్ళలో ఎక్కువ ఓట్లొచ్చిన వ్యక్తిని ఆ సీటుకి ప్రకటించాలి. తర్వాత మిగిలిన అందరిలో, మళ్ళీ చెబుతున్నా, మిగిలిన అందరిలో ఎక్కువ ఓట్లొచ్చినవాళ్ళు రెండో సీటుకి. సత్యనారాయణ దొరకి రిజర్వుడు సీటు వెళ్ళింది. మిగిలినవాళ్ళలో పైనున్నది సూరి దొర. జనరల్ సీటు ఆయనదైంది. గిరి 565 ఓట్ల తేడాతో ఓడిపోయారు.

ఆయన ఊరుకోలేదు. కేసు వేశారు. అది ట్రిబ్యునల్ దాటి, హైకోర్టు దాటి, సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. ఈలోగా గిరి ఉత్తరప్రదేశ్ గవర్నర్ కూడా అయ్యారు. కేసు మాత్రం నడుస్తూనే ఉంది. ఆ కేసులో గిరి వైపు వాదనలు రెండు. వాటిని పక్కపక్కన పెట్టి చదవాలి.

మొదటిది: సూరి దొర రిజర్వుడు సీటుకని నామినేషన్ వేశాడు కాబట్టి, ఆయన రిజర్వుడు సీటుకే పోటీదారు. జనరల్ సీటు ఆయనకి ఇవ్వకూడదు.

రెండోది: అసలు సూరి దొర గిరిజనుడే కాదు. పుట్టుకతో మూక దొర అయినా ఆచారాల్లో, సంబంధాల్లో ఆ కుటుంబం క్షత్రియులుగా మారిపోయింది. కాబట్టి ఆయన నామినేషనే చెల్లదు.

లాయర్లు ఒకటి కాకపోతే ఇంకొకటి అని వాదనలు పెడతారు, అది వాళ్ళ వృత్తి. కానీ ఈ రెండూ కలిపితే సూరి దొరకి మిగిలేదేమిటో చూడండి. గిరిజనుడివైతే నీ గిరిజన సీటు దాటి రాకు. నీ సీటు దాటి వచ్చావంటే నువ్వు గిరిజనుడివే కాదు. గిరిజనుడిగా ఉంటూ అందరి ప్రతినిధి కావడమనే మూడో సంగతికి చోటే లేదు. ఇది 1957 నాటి లాయర్ల తెలివి మాత్రమే అనుకుంటే పొరపాటు. ఇవాళ్టికీ మన మాటల్లో ఇదే నడుస్తోంది. దళితుడు రిజర్వుడు సీటులో గెలిస్తే "కోటాలో వచ్చాడు" అంటాం. జనరల్ పోస్టు కొట్టి ఐఏఎస్ అయితే "ఇంక వీళ్ళకి రిజర్వేషన్ ఎందుకు" అంటాం.

1959లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. రెండు వాదనలూ నిలబడలేదు. పేరు కోసం, హోదా కోసం ఆచారాలు మార్చుకున్నంత మాత్రాన పుట్టిన కులం, తెగ మారిపోవని చెప్పింది. రిజర్వుడు సీటుకి పోటీ చేసిన వ్యక్తి జనరల్ సీటుకి అనర్హుడైపోడనీ చెప్పింది. సూరి దొర ఎన్నిక చెల్లుతుంది. గిరి అప్పీలు కొట్టేశారు. ఆయన తర్వాత కేరళ, మైసూరు గవర్నరుగా చేసి, ఉపరాష్ట్రపతి అయ్యి, 1969లో రాష్ట్రపతి అయ్యారు. ఆయన జీవిత చరిత్రలో పార్వతీపురం ఒక వాక్యం. సూరి దొరకైతే మన జ్ఞాపకాల్లో ఆ వాక్యం కూడా లేదు. ఈ దేశంలో జనరల్ సీటు ఎవరి సొత్తూ కాదని సుప్రీంకోర్టు చేత చెప్పించిన మనిషి ఆయన.

*

తర్వాతేం జరిగింది?

1961లో పార్లమెంటు ద్విసభ్య నియోజకవర్గాల రద్దు చట్టం చేసింది. ఒక్కో జంట నియోజకవర్గాన్ని రెండుగా చీల్చారు. ఎస్సీ, ఎస్టీ జనాభా ఎక్కువున్న ముక్క రిజర్వుడు, రెండో ముక్క జనరల్. 1962 ఎన్నికల నాటికి దేశమంతా ఒక నియోజకవర్గం, ఒక సభ్యుడు. చెప్పిన కారణాలు మనకి తెలిసినవే. నియోజకవర్గాలు మరీ పెద్దవి, తిరగలేకపోతున్నారు, ఖర్చు భరించలేకపోతున్నారు, ఓటర్లు గందరగోళపడుతున్నారు.

అబద్ధాలని అనను. మామూలు దానికి రెండింతలున్న ప్రాంతాన్ని కార్లూ ఫోన్లూ లేని రోజుల్లో చుట్టిరావడం మాటలు కాదు. పేద అభ్యర్థికి అసలు సాధ్యం కాదు. కానీ ఈ ఇబ్బందులన్నీ 1952లోనూ ఉన్నాయి. 1957 ఎన్నికల్లో ద్విసభ్య నియోజకవర్గాలు తగ్గలేదు సరికదా, 86 నుంచి 91కి పెరిగాయి. రెండో ఎన్నికకీ మూడో ఎన్నికకీ మధ్య వైశాల్యం మారలేదు, ఖర్చు కొత్తగా పుట్టలేదు. కొత్తగా వచ్చిందల్లా పార్వతీపురం. ఒకే పెట్టెల వరసలో అందరినీ నిలబెడితే కేంద్ర మంత్రిగా చేసిన మనిషి కూడా గిరిజనుడి చేతిలో ఓడిపోవచ్చని, కోర్టుకెళ్ళినా లాభం లేదని అందరికీ అర్థమైంది. రద్దుకి అదొక్కటే కారణమని నేను చెప్పడం లేదు. కానీ ఆ రద్దుతో ఎవరి భయం తీరిందో చూస్తే చాలు.

తీరిన భయమిది: ఇక మీదట జనరల్ నాయకుడు ఎస్సీ, ఎస్టీ అభ్యర్థితో ఒకే ఓట్ల లెక్కలో నిలబడాల్సిన అవసరం లేదు. ఉమ్మడి ఇంట్లో అన్నదమ్ములు పంపకాలు చేసుకుని మధ్యలో గోడ కట్టుకున్నట్టు, ఇటు మీది, అటు మాది. గోడకి అటువైపు ముక్క కూడా అందరిదే అని చట్టం చెబుతూనే ఉంది. చట్టం చెప్పేది ఎవడికి కావాలి? పార్టీలు టికెట్లు పంచేటప్పుడు గోడనే చూశాయి. రిజర్వుడు సీట్లు ఎస్సీ, ఎస్టీలకి, జనరల్ సీట్లు పై కులాలకి. అరవై ఏళ్ళు అలా పంచేసరికి గోడే చట్టమైపోయింది.

*

ఇక్కడ కొందరు మిత్రులు ఉత్సాహపడతారని తెలుసు. "అయితే పాత పద్ధతే మంచిది, ద్విసభ్య నియోజకవర్గాలు మళ్ళీ తెద్దాం" అంటారు. ఆగండి. ఆ పద్ధతిలో అంబేడ్కర్‌కి ఏం జరిగిందో కూడా చూడాలి.

1952లో ఆయన పోటీ చేసిన ఉత్తర బొంబాయి ద్విసభ్య నియోజకవర్గమే. రిజర్వుడు సీటులో కాంగ్రెస్ అభ్యర్థి కజ్రోల్కర్ చేతిలో ఓడిపోయారు. రాజ్యాంగ ముసాయిదా సంఘం అధ్యక్షుడికి మొదటి ఎన్నికల్లో దొరికిన మర్యాద అది. రెండేళ్ళకి, 1954లో, భండారా ఉప ఎన్నిక. అదీ ద్విసభ్యమే. జనరల్ సీటుకి ఆయన మిత్రుడు, సోషలిస్టు నాయకుడు అశోక్ మెహతా. రిజర్వుడు సీటుకి అంబేడ్కర్. మెహతా గెలిచారు. అంబేడ్కర్ ఓడిపోయారు. ఒకే కూటమి, ఒకే ఓటర్లు, ఒకే రోజు. అంబేడ్కర్ వెనకున్న ఓట్లు మెహతాకి వెళ్ళినట్టు, మెహతా వెనకున్న ఓట్లు అంబేడ్కర్‌కి రాలేదనడానికి ఇంతకంటే రుజువేం కావాలి?

కాబట్టి ద్విసభ్య పద్ధతిని నెత్తిన పెట్టుకోనక్కర్లేదు. రిజర్వుడు అభ్యర్థి జనరల్ అభ్యర్థి జీపు వెనక, ఆయన డబ్బుతో, ఆయన మనుషులతో తిరగాల్సిన పద్ధతి అది. కాడికి కట్టిన రెండెడ్లలో రెండోది. 1932 పూనా ఒప్పందం దగ్గర్నుంచీ వస్తున్న ప్రశ్న అక్కడా తీరలేదు: దళిత ప్రతినిధిని ఎన్నుకునేది ఎవరు? అందరూ ఎన్నుకుంటే, ఆయన ఎవరికి జవాబు చెప్పాలి? ఉమ్మడి ఓటుతో గెలిచినవాళ్ళు పై కులాల చేతుల్లో పనిముట్లుగా మిగులుతారని 1982లో, పూనా ఒప్పందానికి యాభై ఏళ్ళయిన సందర్భంలో, కాన్షీరామ్ ఒక పుస్తకమే రాశారు.

కాన్షీరామ్ ప్రశ్న ఎంత బరువైందో చీరాలకి ఎవరూ చెప్పక్కర్లేదు. మూడేళ్ళకే, 1985 జులై 17న, పక్కనున్న కారంచేడులో మాదిగల మీద దాడి జరిగింది. ఆరుగురిని చంపారు. బతికినవాళ్ళు పారిపోయి వచ్చింది చీరాలకే. శిబిరం పెట్టింది ఇక్కడే. దళిత మహాసభ పుట్టింది ఇక్కడే. అప్పటికి రిజర్వుడు ఎమ్మెల్యేలూ ఎంపీలూ సభల్లో లేరా? ఉన్నారు. కానీ ఆ రోజు జనం నమ్ముకున్నది వాళ్ళని కాదు. కత్తి పద్మారావునీ, బొజ్జా తారకాన్నీ నమ్ముకున్నారు. తమ కాళ్ళనీ, చీరాల రోడ్లనీ నమ్ముకున్నారు. సీటు ఒక్కటే సరిపోదని తెలుగు దళిత రాజకీయం నేర్చుకున్నది ఈ ఊళ్ళోనే.

అందుకే, "మన ఎంపీ సీటు పోయింది" అనే మాట చీరాలలో వినబడితే నాకు ఒళ్ళు మండుతుంది. ఏడు అసెంబ్లీ నియోజకవర్గాలు కలిసిన ఆ సీటులో, ఎస్సీ అభ్యర్థి ఎవరైనా సరే, గెలవాలంటే మిగతా కులాల ఓట్లే కావాలి. టికెట్ ఇచ్చేది పెద్ద కులాల పార్టీ నాయకులే. ఖర్చు పెట్టేదీ, ఊళ్ళల్లో తిప్పేదీ వాళ్ళే. ఆ సీటు మీద మీ పట్టు ఎక్కడికీ పోలేదండీ. పోయిందల్లా ఆ సీటులో మీ మనిషి కూర్చునే అవకాశం ఒక్కటే. ఇటువైపు జనరల్ సీట్లలో దళితుడు కూర్చునే అవకాశం అరవై ఏళ్ళుగా పోయింది. దాని గురించి మీరెప్పుడైనా బాధపడ్డారా?

*

"జనరల్‌లో దళితుడికి టికెట్ ఇస్తే గెలవడు. గెలవనివాళ్ళకి పార్టీలు టికెట్ ఎందుకిస్తాయి?" ఇది చాలా తెలివైన వాదనలా కనిపిస్తుంది. 1957లో పార్వతీపురం ఓటర్లు దీనికి జవాబు చెప్పేశారు. 2024లో ఫైజాబాద్ ఓటర్లు మళ్ళీ చెప్పారు. అయోధ్య ఉన్న ఆ జనరల్ సీటులో సమాజ్‌వాదీ పార్టీ దళితుడైన అవధేశ్ ప్రసాద్‌ని నిలబెట్టింది. గెలిచారు. దేశమంతా దాన్ని ఒక వింతగా రాసుకుంది. వింత కావడమే మన సిగ్గు. లోక్‌సభలో 543 సీట్లుంటే ఎస్సీలకి 84, ఎస్టీలకి 47 రిజర్వు. మిగిలిన 412 సీట్లూ చట్టం ప్రకారం అందరివీ. వాటిలో ఒకదాన్ని దళితుడు గెలిస్తే పతాక శీర్షిక అవుతోందంటే ఆ 412 ఎవరి పేరున రాసి ఉన్నాయో తెలియడం లేదూ?

మన సంగతి చూసుకుందాం. ఆంధ్రప్రదేశ్ అసెంబ్లీలో 175 సీట్లు. 29 ఎస్సీ, 7 ఎస్టీ. మిగిలినవి 139. వచ్చే ఎన్నికల్లో మీ అభిమాన పార్టీ టికెట్ల జాబితా ఫోన్లో వస్తుంది కదా, రిజర్వుడు సీట్లు పక్కనపెట్టి ఆ 139లో ఎస్సీ, ఎస్టీ పేర్లు లెక్కపెట్టండి. సామాజిక న్యాయం అని వేదికల మీద గొంతు చించుకునే పార్టీ ఏదైనా ఫర్వాలేదు. లెక్కపెట్టడానికి ఒక చేతి వేళ్ళు చాలతాయో లేదో మీరే చూసుకోండి.

ఇప్పుడీ మాట ఎందుకు ఎత్తాల్సి వచ్చిందంటే, గోడ ఇంకొకటి లేవబోతోంది. 2023లో చేసిన 106వ రాజ్యాంగ సవరణ లోక్‌సభలో, అసెంబ్లీల్లో మూడో వంతు సీట్లు ఆడవాళ్ళకి కేటాయించింది. జనగణన, దాని తర్వాత నియోజకవర్గాల పునర్విభజన అయ్యాక అమలని ఆ చట్టంలో రాసుకున్నారు. మంచి చట్టమే, ఆలస్యంగా వచ్చిన చట్టమే. అయితే పంచాయతీల్లో మనం చూస్తున్నదేంటి? సర్పంచ్ పదవి మహిళకి వస్తే "ఈసారి లేడీసుకొచ్చింది" అంటారు, భర్త నామినేషన్ రాయిస్తాడు. జనరల్‌కి వస్తే భర్త నిలబడతాడు. రేపు అసెంబ్లీలోనూ అదే జరుగుతుంది. మూడో వంతు ఆడవాళ్ళ సీట్లు. మిగతా రెండు వంతులు చట్టంలో అందరివి, టికెట్ల పంపకంలో మగవాళ్ళవి. "మీకు మీ సీట్లున్నాయి కదమ్మా, ఇటెందుకొస్తున్నారు" అనే మాట ఇప్పట్నుంచే వినబడుతోంది నాకు. సూరి దొరతో అన్న మాటే అది.

ఇంకో తమాషా ఏంటంటే, మహిళా బిల్లు చర్చల్లో పాత ద్విసభ్య ఆలోచన మళ్ళీ మళ్ళీ తలెత్తింది. ఒక నియోజకవర్గం నుంచి ఇద్దరిని పంపిద్దాం, ఒకరు తప్పనిసరిగా మహిళ. వినడానికి బాగుంది. ఎవరికి బాగుంది? ఇప్పుడు సీటులో ఉన్న మగ ఎంపీకి బాగుంది. తన సీటు కదలదు, పక్కన ఇంకో కుర్చీ వేస్తారంతే. నెహ్రూ పక్కన మసూరియా దీన్ కూర్చున్న కుర్చీ. ద్విసభ్య పద్ధతి తేవాలంటే దాని అసలు నియమంతో సహా తేవాలి. రిజర్వుడు సీటు నిండాక మిగిలిన అందరిలో ఎక్కువ ఓట్లొచ్చినవాళ్ళదే రెండో సీటు. ఇద్దరూ ఆడవాళ్ళే గెలిస్తే ఇద్దరూ వెళ్ళాలి. ఆ నియమానికి ఒప్పుకుంటారా అని అడిగి చూడండి, ఎంతమందికి ఉత్సాహం మిగులుతుందో.

*

చీరాల గీతలకి లొంగే ఊరు కాదని చరిత్రలో పేరు. 1921లో మున్సిపాలిటీ వద్దు మొర్రో అంటే వినకపోతే, దుగ్గిరాల గోపాలకృష్ణయ్య వెంట చీరాల, పేరాల జనం ఇళ్ళు వదిలేసి ఊరి బయట రామ్‌నగర్ కట్టుకుని నెలల తరబడి అక్కడే ఉన్నారు. పైవాళ్ళు గీసిన గీత మాకు ఎందుకని అడిగారు. వందేళ్ళ తర్వాత 2022లో జిల్లా గీత మారి ప్రకాశం నుంచి బాపట్ల జిల్లాలోకి వచ్చింది. రేపు పునర్విభజనలో ఇంకేం గీతలు మారతాయో. బాపట్ల లోక్‌సభ రిజర్వుడుగా ఉంటుందో, జనరల్ అవుతుందో, మహిళా సీటు అవుతుందో. ఏదైనా కావచ్చు.

ఒకవేళ జనరల్ అయ్యిందనుకోండి. ఆ రోజు ఈ ఊళ్ళల్లో బాణాసంచా కాలుస్తారు. "మన సీటు మనకొచ్చింది" అంటారు. 2009 నుంచీ ఈ ప్రాంతానికి ఎంపీలుగా పనిచేసిన పనబాక లక్ష్మి, మాల్యాద్రి శ్రీరామ్, నందిగం సురేష్, తెన్నేటి కృష్ణప్రసాద్, వాళ్ళ పార్టీలేవైనా, వాళ్ళ పనితీరు ఎలాంటిదైనా, వాళ్ళలో ఒక్కరికైనా ఏ పార్టీ అయినా అదే సీటు జనరల్‌గా మళ్ళీ ఇస్తుందా? పదిహేనేళ్ళకి పైగా ఎస్సీ ఎంపీలని గెలిపించిన ఓటర్లు, సీటు పేరు మారగానే గెలిపించడం మానేస్తారా? మానేయరని నా నమ్మకం. పార్టీలు అడగవు, అంతే. సూరి దొరకి 1,24,604 ఓట్లు వేసినవాళ్ళని ఎవరూ నమ్మకంతో అడగలేదు. నలుగురిని ఒకే వరసలో నిలబెడితే వాళ్ళే ఎంచుకున్నారు.

ఆ రోజు వస్తే చీరాలలో ఎవరైనా "మన సీటు" అన్నప్పుడు మీరు ఒక పని చేయండి. ఎవరి పేరు మీద పట్టా ఉందో చూపించమనండి.